చలికాలంలో చంటిబిడ్డకు నూనె మర్దన: ముందుగా తెలుసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చంటిబిడ్డకు నూనె రాసి నీళ్ళు పోయడం మిగతా కాలాల్లో కంటే ఎక్కువ జాగ్రత్తతో చేయవలసిన పని. బరువుతో పోలిస్తే పసిబిడ్డ చర్మపు వైశాల్యం ఎక్కువ. పెద్దవాళ్ళలా వణికి వేడి పుట్టించుకునే శక్తి తక్కువ. అందువల్ల బట్టలు విప్పి కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న పావుగంటలోనే ఒళ్ళు చల్లబడవచ్చు. అలాగని మర్దన మానవలసిన పని లేదు. బిడ్డ తల్లిని గుర్తుపట్టేది మొదట వాసనతో, గొంతుతో, చేతి స్పర్శతో కాబట్టి, మానవలసింది మొరటుతనమూ అక్కరలేని పూతలూ మాత్రమే.

తెల్లవారుజామున కాకుండా పొద్దెక్కి ఎండ వచ్చాక, పాలు తాగిన ముప్పావుగంట తరువాత, తలుపులు వేసి, ఫ్యాను ఆపిన గదిలో మర్దన మొదలుపెట్టాలి. తువ్వాలు, పొడి బట్టలు, టోపీ ముందే చేతికందేలా పెట్టుకోవాలి. ఒంటి మీది బట్టలన్నీ ఒకేసారి తీయకుండా, ఒక కాలు బయటికి తీసి రాసి, దాన్ని కప్పి, తరువాత రెండో కాలు తీయడం మేలు. మధ్యలో చేతి వెనుక భాగంతో పొట్టనూ పాదాలనూ తాకి చూడాలి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి తగులుతోందని అర్థం. వెంటనే మర్దన ఆపి గుండెకు హత్తుకుని కప్పాలి. రెండూ చల్లగా ఉండి, బిడ్డ మందకొడిగా ఉండి పాలు తాగనంటే, అలాగే హత్తుకుని ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నూనె విషయంలో కొబ్బరినూనె చాలు. చలికి గడ్డకట్టిన సీసాను పొయ్యి మీద పెట్టక, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరిగించి, వేడి ఎంతుందో మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి. ఆవనూనె లేత చర్మానికి మంట పుట్టించగలదు. జలుబు చేసిందని కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాసే అలవాటు మన ఇళ్ళలో బాగా ఉంది, కానీ అది ప్రమాదకరం: కర్పూరం చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరి పసివాళ్ళలో ఫిట్స్ తెప్పించగలదు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసినది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. సాంబ్రాణి పొగ కూడా మానాలి. జుట్టు ఆరాలంటే మెత్తని బట్టతో ఒత్తి తుడిస్తే సరిపోతుంది.

చేతి బరువు అరచేయి ఆనేంత ఉండాలి, ఎముక తెలిసేంత కాదు. పొట్ట మీద బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో నిమరాలి. బొడ్డుతాడు ఇంకా రాలకపోతే దాని జోలికి పోకూడదు. మాడు మీద నూనె అద్దవచ్చు గానీ నొక్కకూడదు. ముక్కు తీరుగా రావాలని నొక్కడం, తల గుండ్రంగా ఉండాలని ఒత్తడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం పనికిరావు. పుట్టిన కొన్నాళ్ళకు రొమ్ములు ఉబ్బడం తల్లి హార్మోన్ల వల్ల కలిగేదే. పిండితే చీము పట్టవచ్చు. ఈ మాట అనుభవమున్న పెద్దవాళ్ళకు చెప్పడం ఇబ్బందే అయినా, నీళ్ళు పోసే రోజు కంటే ముందే మర్యాదగా చెప్పాలి.

బిడ్డ ముఖం తిప్పుకున్నా, వేళ్ళు విప్పార్చి ఒళ్ళు బిగబట్టినా చాలన్నట్టే లెక్క. రోజూ చేసేది కదా అని కొనసాగించకూడదు. కళ్ళలోకి చూస్తూ మాట్లాడుతూ రాస్తే ఆ స్పందన త్వరగా తెలుస్తుంది. ఈ పని తండ్రి కూడా చక్కగా చేయగలడు. 6, 10, 14 వారాల టీకాలు వేసిన తొడను, క్షయ రాకుండా బీసీజీ టీకా వేసిన ఎడమ భుజాన్ని రుద్దకూడదు. జ్వరముంటే మర్దన వద్దు.

పుట్టిన మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డాక్టరు అనుమతి లేకుండా మర్దనా స్నానమూ వద్దు. ఆ బిడ్డకు టోపీ, డైపరుతో తల్లి లేదా తండ్రి ఛాతీకి నేరుగా హత్తుకుని దుప్పటి కప్పే కంగారూ సంరక్షణే మేలు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్ల కొరత మధ్య మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతున్నారు. భోగి తలంటు కూడా చీకటితో పోయక, ఎండ వచ్చాక గోరువెచ్చని నీళ్ళతో త్వరగా ముగించి, తల ఆరిన తరువాతే భోగిపళ్ళ వేడుకకు కూర్చోబెట్టాలి. రేగుపళ్ళు, నాణేలు బిడ్డ నోటికి చేరకుండా ఒకరు పక్కనే ఉండాలి.