సిలబస్ యూనివర్సిటీది, కోర్సు మనది: సోషియాలజీ పేపర్‌ని చివర నుంచి ప్లాన్ చేసుకోండి

కొత్త సెమిస్టర్ సిలబస్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని యూనిట్లని వారాలకి పంచేయడం. మొదటి యూనిట్‌కి ఇన్ని వారాలు, రెండోదానికి ఇన్ని, మధ్యలో మిడ్ పరీక్షలకి కొన్ని రోజులు పోతాయి, చివరి యూనిట్ ఎప్పుడూ హడావుడే. అలా చేస్తే సిలబస్ అయిపోతుంది గానీ పిల్లలకి ఏం వచ్చిందో మనకే తెలీదు. విశాఖలోనూ చుట్టుపక్కలా డిగ్రీ కాలేజీల్లో సోషియాలజీ చెప్పేవాళ్లకి, ముఖ్యంగా ఈ ఏడాదే చేరిన గెస్ట్ ఫ్యాకల్టీకి, నేను చెప్పేది ఒకటే. చివర నుంచి మొదలుపెట్టండి.

చివర అంటే పరీక్ష కాదు. ఈ పేపర్ అయ్యాక విద్యార్థి ఇవాళ చేయలేని ఏ పని చేయగలగాలి? అది ఒక్క వాక్యంలో రాయండి. 'స్తరీకరణ (సమాజం పైకింద అంతరాలుగా విడిపోవడం) అర్థం చేసుకుంటారు' అని రాస్తే సరిపోదు, ఎందుకంటే అర్థమైందో లేదో మీరు ఎలా చూస్తారు? 'తన వీధిలో ఎవరు ఏ పని చేస్తున్నారో గమనించి, ఆ పనుల పంపకంలో కులం, జెండర్, వలస ఎలా పనిచేస్తున్నాయో ఆధారాలతో రాయగలగాలి' అని రాస్తే చూడగలరు. కాలేజీల నాణ్యతని మదింపు చేసే న్యాక్ సంస్థ ఫైల్ కోసం రాసే కోర్స్ అవుట్‌కమ్స్ వేరు, ఇది వేరు. ఇది మీ టేబుల్ మీద ఉండాల్సిన వాక్యం. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే అమెరికన్ విద్యావేత్తలు 1998లో ఒక పద్ధతిగా చెప్పింది ఈ వరసే: ముందు ఫలితం, తర్వాత దానికి రుజువు, ఆ తర్వాతే పాఠాలు.

అఫిలియేటెడ్ కాలేజీలో సిలబస్, ప్రశ్నపత్రం రెండూ బయటినుంచే వస్తాయి, మన చేతిలో ఏముంది అంటారు. చాలా ఉంది. ఏ యూనిట్‌కి ఎంత సమయం, ఏ ఉదాహరణ, ఇంటర్నల్ మార్కులకి ఏ పని ఇవ్వాలి, ఇవన్నీ మనవే. సోషియాలజీ పుట్టుక యూనిట్‌నే తీసుకోండి. కామ్టే, దుర్ఖైమ్, వెబర్ పేర్లు, సంవత్సరాలు ఒక పేజీ హ్యాండవుట్‌లో ఇచ్చి రెండు మూడు క్లాసుల్లో ముగించవచ్చు. అలా మిగిలిన గంటలు కులం, పని, నగరం లాంటి పాఠాలకి మళ్లించండి.

అసలు కష్టమంతా రుజువు దగ్గరే. 'కులం నిర్వచనం, లక్షణాలు రాయండి' అని అసైన్‌మెంట్ ఇస్తే గైడ్‌లోంచో చాట్‌జీపీటీలోంచో ఎత్తి రాస్తారు, అందులో పిల్లల తప్పు సగమే. వాళ్లు స్వయంగా వెళ్లి చూస్తే తప్ప రాయలేని పని ఇవ్వండి. మనకి ఫిషింగ్ హార్బర్ ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకీ మోటారు బోట్లకీ చేపలవేట నిషేధం. మీ సెమిస్టర్ అప్పటిదాకా ఉంటే నిషేధం మొదలైన వారంలోనే పంపండి, బోట్లు ఆగి ఉంటాయి, జనానికి మాట్లాడే తీరిక ఉంటుంది. లేకపోతే మామూలు రోజుల్లో తెల్లవారుజామున చేపలు వేలం వేసే వేళకి పంపండి. బోటు ఎవరిది, కూలికి ఎవరు వెళ్తారు, వేలంలో ఎవరు పాడతారు, గంపతో వీధుల్లోకి వెళ్లి అమ్మేది ఎవరు, ఎండబెట్టేది ఎవరు? వేట ఆగితే ఇల్లు దేనిమీద నడుస్తుంది, వడ్డీకి ఎవరి దగ్గర తెస్తారు, ప్రభుత్వ భృతి ఎవరి పేరున వస్తుంది, చేపలమ్ముకునే ఆడవాళ్లకి అందులో చోటుందా? శ్రమ విభజన, జెండర్, అప్పు, రాజ్యం అన్నీ ఆ ప్రశ్నల్లోనే ఉన్నాయి. హార్బర్ దూరమైతే పూర్ణా మార్కెట్, మీ దగ్గరి రైతు బజార్, గాజువాకలో కాంట్రాక్టు కార్మికులు పనికోసం నిలబడే కూడలి, ఏదైనా సరే.

ఈ పనిని ఒకేసారి అడగకండి, మూడు దఫాలుగా అడగండి. మొదట చూసింది చూసినట్టు ఒక పేజీ, ఒక్క సిద్ధాంతం పేరు కూడా లేకుండా. తర్వాత ఆ పేజీలోంచి ఒక విషయం పట్టుకుని క్లాసులో చెప్పిన ఒక భావనతో కలపాలి, ఆ భావన ఎక్కడ సరిపోలేదో కూడా రాయాలి. చివర్లో రెండూ కలిపి పూర్తి వ్యాసం. మొదటి దఫాకి మార్కులు తక్కువ పెట్టండి గానీ వ్యాఖ్య మాత్రం తప్పకుండా రాసివ్వండి, రెండో దఫా బాగుపడేది దానివల్లే.

ఒక విషయంలో మాత్రం రాజీ పడొద్దు. పంపేముందు చెప్పాలి: అడగకుండా ఫొటో తీయకూడదు, పేర్లు రాయకూడదు, 'మీ కులమేంటి' అని మొహం మీద అడగకూడదు. ఇది క్లాసుకీ వర్తిస్తుంది. మన బెంచీల మీదే జాలరిపేట పిల్లలుంటారు, పాడేరు, అరకు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గిరిజన పిల్లలుంటారు, శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన భవన కార్మికుల పిల్లలుంటారు. 'మీ వాళ్లలో ఎలా ఉంటుందో నువ్వు చెప్పు' అని అందరిముందూ లేపి అడగడం చాలా అన్యాయం. తనంతట తాను చెబితే వినండి, అంతే.

అమెరికన్ సోషియాలజిస్ట్ సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన వ్యక్తిగత కష్టం, సామాజిక సమస్య అన్న తేడా ఏ పరిచయ పేపర్‌లోనైనా వస్తుంది. దానికి పుస్తకంలోని అమెరికా నిరుద్యోగం ఉదాహరణ చాలదు. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీక్ తీసుకోండి. 12 మంది చనిపోయారు, ఒక్కో ఇంటికి అది సొంత దుఃఖం. కానీ ఫ్యాక్టరీ గోడ పక్కన ఇళ్లెందుకు ఉన్నాయి, ఆ ఇళ్లలో ఉండేది ఎవరు, 1961లో ఫ్యాక్టరీ పెట్టాక నగరం దాని చుట్టూ ఎలా పెరిగింది, అనుమతులు ఎవరిస్తారు అని అడగడం మొదలుపెడితే పిల్లలే వ్యక్తి నుంచి వ్యవస్థకి వెళ్తారు. క్లాసులో ఆ ఊరివాళ్లు ఉండొచ్చు కాబట్టి ముందురోజే చెప్పండి, ఇష్టంలేనివాళ్లకి వేరే ఉదాహరణ ఇవ్వండి.

ఇక రోజువారీ క్లాసు సంగతి. మొదటి ఐదు నిమిషాలు నోట్సు మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్నది రాయమనండి, మార్కులేమీ వద్దు. రోడిగర్, కార్పికి అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయింది కదా, అందుకని చర్చ కూడా ఇంగ్లిష్‌లోనే అని పట్టుబడితే వెనక బెంచీలు మౌనంగా ఉండిపోతాయి. ముందు పక్కవాళ్లతో తెలుగులో మాట్లాడుకోనిచ్చి, తర్వాత నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయించండి.

పరీక్ష టెన్షన్ ఉంటుంది, కాదనను. ప్రశ్నపత్రం నిర్వచనాలే అడుగుతుంది కాబట్టి చివరి వారం పాత ప్రశ్నపత్రాలకి ఉంచండి, ప్రతి జవాబులో ఒక పేరా తాము చూసినదాన్నే ఉదాహరణగా రాయడం నేర్పండి.

అయిదో వారంలో పేరు రాయక్కర్లేని చీటీల మీద రెండు ప్రశ్నలడగండి: ఏది అర్థం కావట్లేదు, ఏది మార్చాలి? మర్నాడు క్లాసులో ఏం మారుస్తున్నారో, ఏది మార్చలేరో, ఎందుకు మార్చలేరో చెప్పండి. ఆ చీటీలని లెసన్ ప్లాన్ ఫైల్లోనే పెట్టుకోండి, వచ్చే ఏడాది ఇదే పేపర్ ప్లాన్ చేసేటప్పుడు మొదట వాటిని చదవండి.