కాంక్రీటు భవనాన్ని చదవడం – 3వ పాఠం: గోడకు మూరెడు దూరంలో

గత రెండు పాఠాల్లోనూ దూరంగానే నిలబడ్డాం. మొదటిదాంట్లో భవనం చుట్టూ తిరిగాం. రెండోదాంట్లో కిటికీలు, తలుపులు వదిలేసి పెద్ద పెద్ద ముద్దలను మాత్రమే కాగితం మీద గీశాం. ఆ బొమ్మ పారేయకండి, ఇవాళ చివర్లో కావాలి. ఈ పాఠం పనంతా గోడ పక్కనే.

బ్రూటలిస్టు భవనాల గురించి, అంటే కాంక్రీటును ఏ పూతా లేకుండా బోసిగా వదిలే శైలి భవనాల గురించి, మాట్లాడేవాళ్ళు చాలామంది ఆకారం దగ్గరే ఆగిపోతారు. బాగుందనో, భయపెడుతుందనో ఒక మాట అనేసి ముందుకు నడుస్తారు. ఈ శైలిలో కట్టిన విశ్వవిద్యాలయ భవనం అసలు సంగతి దాని ఒంటి మీదే ఉందని నా నమ్మకం. మామూలు భవనంలో ప్లాస్టరింగు, రంగు, రాతి పలకలు అన్నీ కలిసి పనివాళ్ళ జాడను కప్పేస్తాయి. ఇక్కడ ఆ కప్పు లేదు. కాంక్రీటు ఎలా పోశారో, ఏ ఎత్తులో పని ఆపారో, చెక్కలు ఎక్కడ అతికాయో అన్నీ బయటే ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం ఒకసారి వస్తే, ఏ ఊళ్ళో ఏ కాంక్రీటు గోడ ముందు నిలబడినా దాని పుట్టుక మీకు తెలిసిపోతుంది.

మొట్టమొదట తేల్చుకోవలసింది: ఈ గోడను ఉన్నచోటే పోశారా, వేరేచోట పోసి తెచ్చి బిగించారా? తెచ్చి బిగించినదైతే ఒకే అచ్చు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి ఖాళీ, అందులో మెత్తటి పూడిక ఉంటాయి. అంచులు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1964 నాటి వర్స్టర్ హాల్ (ఇప్పుడు బవర్ వర్స్టర్ హాల్) కిటికీల ముందున్న సన్‌షేడ్లు ఇలాంటివే. ఫొటోలో చూసినా ఆ పునరావృతి ఇట్టే పట్టేయవచ్చు.

ఉన్నచోటే పోసిన గోడ ఇంకా ఎక్కువ చెబుతుంది. ఎందుకో అర్థం కావాలంటే పోత ఎలా జరుగుతుందో ఊహించుకోవాలి. ఊచలు కట్టి, వాటికి అటూ ఇటూ సెంట్రింగు చెక్కలు నిలబెట్టి, పైనుంచి కాంక్రీటు పోస్తారు. పచ్చి కాంక్రీటు నీళ్ళలాగే పక్కలకు నెడుతుంది. పోత ఎత్తు పెరిగేకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతుంది. చెక్కలు విచ్చుకుపోకుండా రెండు వైపులనూ కలుపుతూ ఇనుప కడ్డీలతో బిగిస్తారు. చెక్కలు విప్పాక ఆ బిగింపులున్న చోట గుండ్రటి గుంటలు మిగులుతాయి. గోడ మీద సమాన దూరాల్లో ఆ గుంటలు కనిపిస్తే, మీరు చూస్తున్నది ఒకప్పుడు పచ్చి కాంక్రీటు నెట్టిన బలానికి సాక్ష్యం. వాటిని పూడ్చి మాయం చేయడం తేలికే. కానీ రూపశిల్పి లూయిస్ కాన్ కాలిఫోర్నియాలోని సాల్క్ పరిశోధనా సంస్థలో (1965) వాటిని దాచలేదు, వరసలు తీర్చి, సీసంతో మూసి, గోడకు ఒక క్రమం ఇచ్చాడు.

తరవాత గీతలు. నిలువుగానో అడ్డంగానో సన్నగా ఉబ్బిన గీతలుంటే అవి రెండు చెక్కల మధ్య సందులోంచి సిమెంటు పాలు కారి గట్టిపడ్డ చోట్లు. రెండు గీతల మధ్య దూరం కొలిస్తే ఆనాటి చెక్క వెడల్పు మీ చేతికి వచ్చినట్టే. కోసిన చెక్కను నునుపు చేయకుండా వాడితే దాని నారలు, కణుపులు కూడా అచ్చుపడతాయి. గోడ పొడవునా అడ్డంగా సాగి, పైనా కిందా రంగు కాస్త మారిన గీత వేరే రకం. అక్కడ పోత ఆగింది, గట్టిపడ్డాక మళ్ళీ మొదలైంది. మంచి రూపశిల్పి ఆ గీతను యాదృచ్ఛికానికి వదలడు. స్లాబు మట్టానికో కిటికీ అడుగు అంచుకో సరిగ్గా కలిసేలా ముందే నిర్ణయిస్తాడు. గోడ నాణ్యతను తూచడానికి నేను మొదట చూసేది ఇదే. కంకర గుత్తులుగా బయటపడి చిల్లులు చిల్లులుగా ఉన్న చోటుంటే అక్కడ కాంక్రీటును సరిగ్గా కుదించలేదని అర్థం. సామాన్యంగా అది గోడ అడుగునో, ఊచలు ఒత్తుగా ఉన్న మూలల్లోనో ఉంటుంది.

ఇక ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గోడ దగ్గరికి వద్దాం. అమెరికాలోని న్యూ హేవెన్‌లో యేల్ విశ్వవిద్యాలయం ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ భవనం 1963లో పూర్తయింది. రూపశిల్పి పాల్ రుడాల్ఫ్. అప్పట్లో అక్కడి ఆర్కిటెక్చర్ శాఖకు అధిపతి కూడా ఆయనే. ఇప్పుడు దాన్ని రుడాల్ఫ్ హాల్ అంటారు. దూరం నుంచి చూస్తే బరువైన నిలువు బురుజులు, వాటి మధ్య అడ్డంగా పరిచిన అంతస్తులు, గాజు. దగ్గరికి వెళ్తే గోడంతా పైనుంచి కిందికి ఒత్తుగా నిలువు కట్లు (బయటికి పొడుచుకొచ్చిన పట్టీలు), మధ్య మధ్య గాడులు. కట్ల అంచులన్నీ పగిలి ఉంటాయి, పగిలిన చోటల్లా లోపలి కంకర బయటపడి ఉంటుంది. చేయి ఆనిస్తే గీరుకుంటుంది.

ఇది ఎలా వచ్చింది? సెంట్రింగు లోపలి వైపు నిలువు గాడులుండేలా చెక్కలు తయారుచేశారు. విప్పాక కాంక్రీటు నున్నటి కట్లతో బయటికి వచ్చింది. అప్పుడు పనివాళ్ళు సుత్తులు పట్టుకుని ఆ కట్ల అంచులను చేత్తో పగలగొట్టుకుంటూ వెళ్ళారు. అంత పెద్ద భవనం, ఆ గోడలన్నీ. యంత్రయుగపు పదార్థం అని పేరుపడ్డ కాంక్రీటు మీద ఇంత చేతిపని ఉందని తెలిశాక, ఈ శైలిని నిర్దయ అన్నవాళ్ళతో నేను ఏకీభవించలేను.

ఆ కట్లవల్ల ఏం జరుగుతుందో గమనించండి. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ప్రతి కట్టుకూ ఒక నీడ వస్తుంది, బోసి గోడకు లేని లోతు ఏర్పడుతుంది. నిలువు అతుకులు గాడుల్లో కలిసిపోయి కంటికి ఆనవు. వాన నీళ్ళు గోడంతా పరుచుకోకుండా గాడులవెంట దిగుతాయి, మరకపడినా నిలువు చారల్లో చారగా ఇమిడిపోతుంది. రుడాల్ఫ్ తరవాత మసాచుసెట్స్‌లోని డార్ట్‌మత్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇదే రూపాన్ని కట్లున్న కాంక్రీటు దిమ్మెలతో సాధించాడు. అక్కడ చేతిపని తగ్గింది. తేడా పట్టుకోవడం కష్టం కాదు: దిమ్మెలైతే కొద్దికొద్ది ఎత్తుకు అడ్డంగా సిమెంటు అతుకు కనిపిస్తుంది, కట్లు అక్కడ తెగుతాయి.

కాంక్రీటు ఒంటరిగా లేని గోడలూ ఉన్నాయి. రూపశిల్పి అచ్యుత్ కన్విందే 1960ల్లో రూపొందించిన ఐఐటీ కాన్పూర్ భవనాల్లో పిల్లర్లు, బీములు బోసి కాంక్రీటు, మధ్య ఖాళీల్లో ఇటుక. ఇలాంటి చోట బరువు మోసేది ఏది, ఖాళీ నింపేది ఏది అన్నది రంగును బట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మరకలు. వీటిని మురికి అని కొట్టిపారేస్తే సగం పాఠం పోతుంది. తెల్లటి చారలు సున్నానివి. కాంక్రీటులోకి ఇంకిన నీరు లోపలి సున్నాన్ని కరిగించి తెచ్చి బయట ఆరిపోతుంది. నల్లటివి నాచు, మసి. అవి నీళ్ళు నిలిచే చోటునో, వాన కడగలేని చోటునో చూపిస్తాయి. ఎర్రగోధుమ మరక మాత్రం ప్రమాద సూచన. లోపలి ఊచకు తుప్పు పట్టిందని అర్థం. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి చోట కింద నిలబడి గీయకండి, పక్కకు జరగండి. పిట్టగోడ, సన్‌షేడు అడుగు భాగాలను తలెత్తి చూడండి: అంచుకు కాస్త లోపలగా ఒక సన్నటి గాడి ఉందా? అది ఉంటే నీటిబొట్టు అక్కడే తెగి కిందపడుతుంది, లేకపోతే అడుగునంటుకుని గోడదాకా పాకుతుంది. కిందున్న మరక ఆ గాడి ఉందో లేదో ముందే చెప్పేస్తుంది.

మరకలు చూసి విసిగి ఇలాంటి గోడలకు రంగు వేయించే యాజమాన్యాలున్నాయి. అది పెద్ద నష్టం. తుప్పు రంగు కింద సాగుతూనే ఉంటుంది. ఇంతసేపూ మనం చదివిన గీతలు, గుంటలు, నారలు ఒక్క పూతతో పోతాయి, ఆ రంగును మళ్ళీ గోడ దెబ్బతినకుండా తీయడం చాలా కష్టం. నీళ్ళు పారే దారి సరిచేయడం, దెబ్బతిన్న చోటును అదే కంకరతో, అదే ఛాయతో పూడ్చడం నెమ్మదైన పని, కానీ సరైన పని.

అభ్యాసం. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా బోసి కాంక్రీటు గోడ ఎంచుకోండి, విశ్వవిద్యాలయమే కానక్కర్లేదు. ఉదయమో సాయంత్రమో, వెలుతురు గోడను రాసుకుంటూ పడే వేళ వెళ్ళండి. నడినెత్తిన ఎండలో ఈ జాడలు సగం కనపడవు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు ఎత్తు చోటును సుద్దముక్కతో కాకుండా కంటితోనే గుర్తుపెట్టుకుని, పదింట ఒక వంతు కొలతలో గీయండి. చెక్క గీతలు సన్నగా, పోత ఆగిన గీత లావుగా, గుంటలు చుక్కలుగా, మరకలు పెన్సిలు పక్కతో రుద్ది చూపించండి. నీడలు వేయకండి. పక్కన చెక్క వెడల్పు, గుంటల మధ్య దూరం అంకెల్లో రాయండి.

అదయ్యాక రెండో పాఠంలోని ముద్దల బొమ్మ తీసి, పోత ఆగిన గీతలను దాని మీద ఎర్ర పెన్సిలుతో వేయండి. ముద్దల అంచులతో ఆ గీతలు కలిసినచోట సున్నా చుట్టండి, కలవనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకాలు ఎక్కువగా కిటికీల చుట్టూ వస్తే కంగారుపడకండి. నాలుగో పాఠం కిటికీల లోతు గురించే, ఆ కాగితంతోనే మొదలుపెడతాం.