కారు ఆడియో, నావిగేషన్ సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: ఏ భాగం ఎక్కడుంది?

గత పాఠంలో హెడ్ యూనిట్‌ని (డ్యాష్‌బోర్డులో ఉండే స్టీరియో పెట్టెని) బయటికి తీసి వెనకున్న వైర్లు చూశాం. ఈసారి కంటికి కనపడని భాగాలు వెతుకుదాం. దొరికిన ప్యానెలల్లా ఊడదీయకండి. క్లిప్పులు విరుగుతాయే తప్ప పని తెమలదు. ఒక్కో భాగానికి ఏం అవసరమో ఆలోచిస్తే, అది ఎక్కడుంటుందో సగం తెలిసిపోతుంది.

జీపీఎస్ యాంటెన్నాకి ఆకాశం కావాలి. ఉపగ్రహాల నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. గాజు, ప్లాస్టిక్ గుండా వస్తుంది గానీ రేకుని దాటలేదు. అందుకే కారు పైకప్పు మీద సొరచేప రెక్కలా ఉండే షార్క్ ఫిన్‌లోనో, డ్యాష్‌బోర్డు పైభాగం కింద ముందు అద్దానికి దగ్గరగానో పెడతారు. హెడ్ యూనిట్ వెనక నీలం రంగు ఫక్రా కనెక్టర్ (కార్లలో యాంటెన్నా వైర్లకి వాడే ప్లగ్గు) ఉంటే అది సాధారణంగా జీపీఎస్‌దే. ఆ వైరు పట్టుకుని వెళ్లండి, యాంటెన్నా దొరుకుతుంది. ఒక్క మాట: కంపెనీ బిగించిన చాలా సిస్టమ్‌లు సొరంగంలో కూడా దారి చూపిస్తాయి. చక్రాల వేగం, కారు ఎటు తిరిగిందో పసిగట్టే లోపలి గైరో సెన్సర్ చెప్పేదాన్ని బట్టి లెక్క కట్టుకుంటాయి. కాబట్టి మ్యాప్‌లో కారు పక్కకి జరిగిందంటే తప్పు యాంటెన్నాదే అని తేల్చేయకండి.

స్పీకర్లకి వెళ్లే సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్‌కి చోటు కావాలి, వేడి బయటికి పోవాలి. ముందు సీటు కింద, డిక్కీ పక్క ప్యానెల్ వెనక, గ్లవ్ బాక్స్ వెనక చూడండి. చాలా కార్లలో ఇది హెడ్ యూనిట్‌లోనే కలిసి ఉంటుంది. స్పీకర్ వైర్లు నేరుగా హెడ్ యూనిట్ నుంచే వెళ్తుంటే విడిగా వెతకక్కర్లేదు.

స్పీకర్లని చేత్తో, చెవితో పట్టుకోవచ్చు. ఇది ఇవాళే చేసి చూడండి. పాట పెట్టి, సౌండ్ సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ (ఎడమ-కుడి సర్దేది) పూర్తిగా ఎడమకి, ఫేడర్ (ముందు-వెనక సర్దేది) పూర్తిగా ముందుకి జరపండి. ఇప్పుడు ముందు ఎడమ వైపు మాత్రమే మోగుతుంది. అరచేతిని డోర్ కింది భాగంలో జాలీ మీద ఆనించండి. బేస్ వచ్చినప్పుడల్లా అదిరితే వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) అక్కడే ఉంది. తర్వాత సైడ్ మిర్రర్ దగ్గరి మూడు మూలల ప్లాస్టిక్ ముక్కకి, ముందు అద్దం పక్క స్తంభానికి చెవి దగ్గర పెట్టండి. పాటలో స, ష పలికినప్పుడు పదునుగా ఎక్కడ వినిపిస్తే ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) అక్కడ. అక్కడేమీ లేకపోతే డ్యాష్‌బోర్డు మూలలు చూడండి. నాలుగు మూలలూ ఇలాగే తేల్చుకోండి.

ట్వీటర్ స్తంభంలో ఉందని తేలినా వెంటనే దాని కవర్ లాగొద్దు. చాలా కార్లలో ఆ లోపలే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో కిటికీల పక్క తెరలా విచ్చుకునేది) భాగం ఉంటుంది. పసుపు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, మల్టీమీటర్ అస్సలు పెట్టకండి. అక్కడ పని తప్పదనుకుంటే, బ్యాటరీ నెగటివ్ తీసి మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే మొదలుపెట్టండి.

ఒక కాగితం మీద కారు బొమ్మ గీసి, దొరికినవన్నీ గుర్తుపెట్టి ఉంచుకోండి. వచ్చే పాఠంలో క్లిప్పులు విరక్కుండా డోర్ ప్యానెల్ తీద్దాం. అప్పుడు ఆ కాగితం కావాలి.