గండికోట చూసి రాత్రికి రాత్రే బయల్దేరకండి

తెల్లవారుజామున, హైవే మీద ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దిందన్న వార్త మళ్ళీ చదివాను. సెలవులకు పోయి ఇంటికి తిరిగొస్తున్న కుటుంబం. ఎండాకాలం సెలవులిస్తే మన నెల్లూరు, కావలి, కందుకూరు వాళ్ళు ఉదయగిరి, భైరవకోన, గండికోట, బెలుం అంటూ కారు తీస్తారు. నీళ్ళు, టోపీలు, మజ్జిగ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది తిరుగు ప్రయాణం గురించి.

పగలంతా ఎండలో తిరిగి ఆ రాత్రే వెనక్కి బయల్దేరకండి. గది అద్దె మిగులుతుందని, సోమవారం డ్యూటీ ఉందని, రాత్రయితే చల్లగా పోవచ్చని బయల్దేరతారు. నేను చూసిన ఇళ్ళు ఆరిపోయింది దీంతోనే. గండికోటలో పెన్నా లోయ పక్క బండల మీద ఎండకు మాడి, బెలుం గుహల్లో ఉక్కకు తడిసి ముద్దయిన ఒంట్లో ఇంకేం మిగులుతుంది? దాని మీద రాత్రికి కడుపునిండా బిర్యానీ. రెండు నుంచి ఐదు మధ్య ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా నిద్ర ముంచుకొస్తుంది. 90 వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప పడితే 100 మీటర్లు ఆ కారును ఎవరూ నడపనట్టే. టీ తాగినా, పాటలు పెట్టినా నిద్ర కాసేపు వెనక్కి జరుగుతుంది, అంతే.

జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో గది తీసుకోండి. తెల్లారాక టిఫిన్ చేసి మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా రండి. అద్దె కారైతే డ్రైవరుకూ మంచం ఇప్పించండి. తిన్నావా అని అడుగుతాం గానీ పడుకున్నావా అని అడగం. సీట్లో ముడుచుకుంటే అది నిద్ర కాదు.

ఉదయగిరి కొండ తెల్లవారుతూనే ఎక్కండి, ఎండ ముదరకముందే దిగండి. భైరవకోన జలపాతం దగ్గర రాళ్ళు జారతాయి, బిడ్డల చెయ్యి వదలొద్దు. గండికోట లోయ అంచున ఫొటోలు వద్దు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూపించండి. వేడి మీదున్న టైరులో గాలి తీయించొద్దు, చల్లారాక తక్కువైపోతుంది. వెనక సీట్లోనూ బెల్టు. ముందు సీట్లో చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకోవద్దు. టికెట్టుకని దిగేటప్పుడు బిడ్డను గానీ అమ్మమ్మను గానీ కారులో వదలొద్దు, ఐదు నిమిషాలకైనా సరే. బండి ఆగిపోతే అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు, అంబులెన్సుకు 108కు ఫోన్ చేయండి. నిద్రొస్తే పెట్రోలు బంకులో ఆపండి, రోడ్డు వారన ఆపొద్దు. "ఇంకెంత, ఐదు గంటలేగా" అని మామయ్య అన్నా వినొద్దు. ఆ రాత్రి బయల్దేరొద్దు. సెలవు ఒకరోజు ఎక్కువ ఇప్పుడే పెట్టుకోండి.