చలికి వాలిపోయిన మేకపిల్లను ఇలా నిలబెట్టాను

మా పలమనేరు పక్క డిసెంబర్ చలి మామూలుగా ఉండదు. మొన్న తెల్లవారుజామున మేక ఈనితే రెండో పిల్ల మెడ వాల్చేసింది, నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది, చీకడం లేదు. అలాంటప్పుడు మాత్రం పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గోనెపట్టతో ఒళ్లంతా రుద్ది, వేడినీళ్ల బాటిళ్లకు గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టాను. నోరు వెచ్చబడి వేలు చీకడం మొదలెట్టాకే, తల్లి చన్ను మొనలో అడ్డుపడిన జిగటను పిండి తీసేసి జున్నుపాలు కొద్దికొద్దిగా పట్టించాను. మధ్యాహ్నానికి తనే లేచి తల్లి కింద దూరింది, టెన్షన్ పోయింది. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద 200 మి.లీ. దాకా పడాలి, రోగాన్ని తట్టుకునే శక్తి దానికి ఆ పాలతోనే వస్తుంది కాబట్టి తొలి విడత ఎంత త్వరగా పడితే అంత మంచిది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ తప్పకుండా పెట్టండి.