ఉప్పు కాగితం చేతిలోకి తీసుకునే ముందు

యంత్రం కాదు కదా, ఉప్పు కాగితంతో చేత్తో రుద్దడమే కదా అనుకుని పాత కుర్చీ ముందు కూర్చునేవారే ఈ పనిలో ఎక్కువ అజాగ్రత్తగా ఉంటారు. యంత్రానికైతే దుమ్మును లాక్కునే సంచీ ఒకటి ఉంటుంది. చేత్తో రుద్దేటప్పుడు ఆ సంచీ పని మన ముక్కు చేస్తుంది. పైగా గీత పోయిందో లేదో చూసుకోవడానికి ముఖాన్ని చెక్కకు జానెడు దూరంలోకి తీసుకెళ్తాం.

చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల్లో చేర్చింది. ముక్కు లోపలి భాగానికి, దాని చుట్టూ ఉండే సైనస్‌లకు దానివల్ల ముప్పు. ఏళ్ల తరబడి ఆ దుమ్ములోనే బతికే వడ్రంగుల సంగతి ఇది. ఇంట్లో ఒక బల్ల రుద్దుకునేవారు ఇంతగా బెంబేలెత్తాల్సిన పని లేదు. కానీ ఉబ్బసం ఉన్నవారికి ఒక్క పూట దుమ్ము చాలు, రాత్రంతా ఆయాసపడటానికి. టేకు, రోజ్‌వుడ్ లాంటి కలపల దుమ్ము కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు తెస్తుంది. అందుకే నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. చెమట పట్టిన మెడ మీద దుమ్ము పేరుకోకుండా మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడుచుకోవాలి.

అసలు రుద్దడం మొదలుపెట్టక ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ సామానుకు వేసిన రంగు ఎప్పటిది? పాతకాలపు రంగుల్లో సీసం కలిపేవారు. దాన్ని పొడిగా రుద్దితే ఆ సీసం పొడై గాలిలో కలుస్తుంది, నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది. రక్తంలో ఇంత సీసం ఉన్నా పరవాలేదనే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. రంగు వయసు తెలియకపోతే అందులో సీసం ఉందనే అనుకోండి. పొరపాటున కూడా పొడిగా రుద్దవద్దు. రంగు పెచ్చును ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే ఆ పని తెలిసినవారికి అప్పగించడమే మేలు. తప్పనిసరై మీరే చేయాల్సి వస్తే నీటికి తట్టుకునే నల్లటి ఉప్పు కాగితంతో చెక్కను తడుపుతూ రుద్దండి. దిగిన బురదను ఆరకముందే గుడ్డతో ఎత్తి సంచీలో కట్టేయండి, తోట మట్టిలో పారబోయవద్దు. పిల్లలు, గర్భిణులు ఆ పక్కకు రాకూడదు. పని బట్టలను ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఇక మాస్కు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు పెద్ద రేణువులనే ఆపుతుంది, సన్నటి దుమ్ము దాన్ని దాటుకుని పోతుంది. ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం కావాలి. అది కూడా బుగ్గలకు, ముక్కు దూలానికి అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

చాలామంది పొరబడేది చివరి దశలో. కాగితం వెనక అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80తో మొదలుపెట్టి 120, 180, 220కి వెళ్తాం. 80తో రుద్దినప్పుడు పొట్టు కళ్లెదుటే రాలుతుంది, అందుకే మాస్కు వేసుకుంటాం. 220కి వచ్చేసరికి రాలేది పిండిలాంటి పొడి. చెక్క నున్నగా మెరుస్తుంటుంది, పని శుభ్రంగా అయిపోతున్నట్టే ఉంటుంది. ఉక్కపోస్తోందని సరిగ్గా అప్పుడే మాస్కు కిందికి లాగేస్తాం. ఒకసారి చీకటి పడ్డాక దీపాలు ఆర్పి, గీతలేమైనా మిగిలాయేమోనని టార్చిలైటును బల్ల అంచు నుంచి ఏటవాలుగా వేశాను. గీతలకంటే ముందు కనిపించింది వెలుతురు దారి పొడవునా తేలుతున్న దుమ్ము. రుద్దడం ఆపి అప్పటికి చాలాసేపైంది. ఆ రోజు నుంచి 220 కాగితం తీసినప్పుడు మాస్కు పట్టీని ఇంకోసారి బిగించుకుంటున్నాను. ఆరుబయట చేయగలిగితే అంతకంటే మంచిది లేదు. గదిలోనైతే పైనున్న ఫ్యాను ఆపి, కిటికీ దగ్గర ఫ్యాను పెట్టి గాలిని బయటికి తోయండి.

చేతుల విషయానికొస్తే, ముందు పైకి లేచిన మేకులు, స్క్రూలు, పిన్నులు తీసేయాలి. నున్నన ఎంత వచ్చిందో చూడటానికి వట్టి అరచేతిని ఈడ్చవద్దు, పేడు గోరు కిందికి దిగితే వారం రోజులు సలుపుతుంది. పాత మేజోడు తొడుక్కుని నిమిరితే పేడు ఉన్నచోట దారం తగులుకుంటుంది. కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి పట్టుకోండి. వేళ్లతోనే నొక్కితే చెక్కలో గుంటలు పడతాయి, వేళ్ల చివర్లు కూడా అరిగి మండుతాయి. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా పడిన గీత రంగు వేసేదాకా దాక్కుని, వేశాక బయటపడుతుంది.

కొత్త సామాన్లలో పైకి కనిపించేది చాలాసార్లు నిండు కలప కాదు, వేరే పలక మీద అతికించిన, అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే పలుచటి పొర. అంచు దగ్గర చూస్తే అతుకు కనిపిస్తుంది. అలాంటిదైతే 80 కాగితం జోలికే పోవద్దు. ఆ పొర ఒకసారి చిరిగితే మళ్లీ రాదు.

కంట్లో నలుసు పడితే నలపకుండా నీళ్లతో కడగాలి. పని అయ్యాక దుమ్మును నోటితో ఊదవద్దు, పొడి చీపురుతో ఊడ్వవద్దు. రెండూ దాన్ని మళ్లీ గాల్లోకే లేపుతాయి. తడిగుడ్డతో ఎత్తేయండి.

తర్వాత చెక్కకు అవిసె నూనె పట్టిస్తారేమో. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోక, నిప్పు చూపకుండానే అవి అంటుకోవచ్చు. అదే బుట్టలో చెక్క పొడి కూడా ఉంటే మంట రాజుకోవడానికి ఇంకేం కావాలి! గుడ్డలను విప్పి, ఒక్కో పొరగా ఆరుబయట పరచి గట్టిపడేదాకా ఆరనివ్వండి. లేదంటే నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనప డబ్బాలో పెట్టండి.