సీటు ఎంచుకోవడం – 3వ పాఠం: పళ్ళెం కనపడాలంటే

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీకు దగ్గరలోని ఏదైనా హాలు ఖాళీగా ఉన్నప్పుడు లోపలికెళ్ళి, నాలుగు మూలల్లోనూ నడిమధ్యలోనూ ఐదేసి నిమిషాలు కూర్చుని రమ్మన్నాను. ఆ పని చేసినవాళ్ళకు ఈ పాఠం తేలిగ్గా ఎక్కుతుంది. చేయనివాళ్ళూ చదవండి, కానీ ఆ పని మాత్రం వదిలిపెట్టకండి.

మొదటి పాఠంలో దేనికోసం వెళ్తున్నామో తేల్చుకున్నాం. రెండో పాఠంలో టికెట్ యాప్‌లో వచ్చే సీట్ల పటం చదవడం నేర్చుకున్నాం. ఆ పటాన్ని పైనుంచి చూసినట్టు గీస్తారు. అందులో దూరం తెలుస్తుంది, కుడి ఎడమలు తెలుస్తాయి, ఎత్తు మాత్రం తెలియదు. సీటు విషయంలో మనం ఎక్కువగా మోసపోయేది అక్కడే.

నాకు ఈ సంగతి తెలిసింది మా అమ్మ వల్ల. కొన్నేళ్ళ కిందట విజయవాడలో ఒక కూచిపూడి ప్రదర్శనకు ఆవిణ్ణి తీసుకెళ్ళాను. పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం అంటే ఆవిడకు ప్రాణం. బాగా కనపడాలని మొదటి వరసలో, సరిగ్గా మధ్యలో రెండు సీట్లు తీసుకున్నాను. తరంగం మొదలైంది. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీదికెక్కింది. జతులకు తగ్గట్టు పళ్ళెం కదులుతున్నట్టుంది, వెనక వరసల్లో ఒకటే చప్పట్లు. అమ్మ మెడ సాచి సాచి చూసి, నావైపు వంగి, "పళ్ళెం ఏదిరా నాన్నా?" అంది. నాకూ కనపడలేదు. వేదిక అంచున పూలకుండీలు, వాటి పక్కన మానిటర్ స్పీకర్లు, వాటి పైన మోకాళ్ళ నుంచి పైకి నర్తకి. చివరికి అమ్మ చెయ్యి పట్టుకుని వెనక గోడ దాకా తీసుకెళ్ళి నిలబెట్టాను. అక్కడినుంచి పళ్ళెం ముందుకు జరగడం, పక్కకు తిరగడం, మళ్ళీ వెనక్కి రావడం అంతా కనపడింది. ఖరీదైన రెండు సీట్లూ ఖాళీగా ఉండిపోయాయి.

ఎందుకలా జరిగింది? కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. అమ్మలా కాస్త పొట్టిగా ఉండేవాళ్ళకు ఇంకా కిందే. వేదిక కూడా చాలాచోట్ల మూడున్నర, నాలుగు అడుగులు ఉంటుంది. అంటే మొదటి వరసలో మన కన్నూ వేదిక నేలా దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. అలాంటప్పుడు నేల మనకు నేలలా కనపడదు, ఒక గీతలా కనపడుతుంది. ఆ గీత మీద ఏం పెట్టినా దాని ముందు వెనకలు తెలియవు.

చెబితే సగమే అర్థమవుతుంది, ఇంట్లో చేసి చూడండి. డైనింగ్ టేబుల్ మీద, అవతలి అంచుకు దగ్గరగా స్టీలు పళ్ళెం పెట్టి, అందులో ఒక నిమ్మకాయ ఉంచండి. ఇవతల వైపు పీట వేసుకుని, మీ కన్ను టేబుల్ అంచు మట్టానికి వచ్చేలా కూర్చోండి. నిమ్మకాయ కనపడుతుంది, కానీ పళ్ళెంలో ముందుందో వెనకుందో చెప్పలేరు. ఇప్పుడు పీట మీద ఒక దిండు వేసుకోండి, తర్వాత ఇంకొకటి. కన్ను జానెడు పైకి లేచేసరికి పళ్ళెం గుండ్రంగా విచ్చుకుంటుంది, నిమ్మకాయ ముందుందో వెనకుందో తెలిసిపోతుంది. హాల్లో మనం వెతకాల్సింది ఆ జానెడు ఎత్తునే.

నేల వెనక్కి పోయేకొద్దీ వాలుగా లేచే హాల్లో ఆ ఎత్తు దానంతట అదే వస్తుంది. ఏ వరసలో వస్తుందో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. నడవలో నడుస్తూ, ప్రతి రెండు మూడు వరసలకూ ఒకసారి ఖాళీ కుర్చీలో కూర్చుని వేదిక నేలను చూస్తాను. నేల వెడల్పుగా, చాపలా పరుచుకున్నట్టు కనపడిన మొదటి వరస నాది. ఇంకా వెనక్కి పోతే పాదాలు మరింత బాగా కనపడతాయి కానీ ముఖం చేజారిపోతుంది. వేదికకు 20 మీటర్లు దాటాక కళ్ళతో చేసే అభినయం మామూలు చూపుకు అందడం కష్టం. నాట్యానికి వెళ్ళేవాళ్ళు ఈ రెండింటి మధ్యే సీటు చూసుకోవాలి.

నేల సమంగా ఉన్న హాలైతే లెక్క మారుతుంది. మనిషి కంటికీ నడినెత్తికీ మధ్య దూరం సుమారు 12 సెంటీమీటర్లు, అంటే బెత్తెడున్నర. వెనక వరస ముందు వరస కంటే ఆ మాత్రం లేస్తేనే ముందువాళ్ళ తల మీదుగా చూపు పోతుంది. లేవని చోట రెండు తలల సందులోంచి చూడాల్సిందే. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా అర కుర్చీ జరిపి వేశారేమో చూడండి. అలా వేసి ఉంటే ఆరో వరసైనా ఫర్వాలేదు. లేకపోతే నడవ పక్క కుర్చీ పట్టుకోండి, కనీసం ఒక వైపైనా తల అడ్డురాదు. పెళ్ళి హాళ్ళలో పెట్టే కార్యక్రమాలకు నేను నడవ పక్కనే కూర్చుంటాను.

కర్ణాటక కచేరీకి ఎత్తు అంత ముఖ్యం కాదు. అందరూ కూర్చునే ఉంటారు, పైగా వేదిక మీద ఇంకో గద్దె వేస్తారు. అక్కడ పక్క ముఖ్యం. మామూలుగా గాయకుడికి కుడిపక్క మృదంగం, ఎడమపక్క వయొలిన్. మనవైపు నుంచి చూస్తే మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన. మృదంగ విద్వాంసుడు వయొలిన్ వైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి కరణి అనే నల్లటి పూత ఉన్న కుడి ముఖం మనవైపు వస్తుంది. ఆ వేళ్ళు ఆడే తీరు చూడాలంటే మధ్యకు కాస్త ఎడమగా, నాలుగైదు వరసల్లోపు కూర్చోవాలి. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, అక్కడినుంచి చూస్తే చెవికి వినపడే దెబ్బ ఏ వేలిదో కంటికి దొరుకుతుంది. విద్వాంసుడిది ఎడమచేతి వాటమైతే అంతా తిరగబడుతుంది. పళని సుబ్రహ్మణ్య పిళ్ళై అటువంటివారే. అందుకని నేను సీటు ఖాయం చేసుకునే ముందు వేదిక మీద వాద్యాలు ఎలా సర్దారో చూస్తాను. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రమైనా, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరమైనా అరగంట ముందు వెళ్తే ఈ పని తీరిగ్గా అవుతుంది.

ఇక ఆటలు. ఇండోర్ స్టేడియంలో కింది మెట్టు మీద కూర్చుంటే వేగం, బలం తెలుస్తాయి. పైన కూర్చుంటే ఎత్తుగడ తెలుస్తుంది. బాడ్మింటన్‌నే తీసుకోండి. కోర్టు పొడవు 13.4 మీటర్లు, డబుల్స్ వెడల్పు 6.1. పక్కనుంచి చూస్తే షటిల్ ఎంత లోతుగా పడిందో, ఆటగాడు ఎంత ఎత్తుకు ఎగిరి కొట్టాడో తెలుస్తుంది. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయిన మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ జంప్ స్మాష్ చూడాలంటే పక్కే సరైనది. అదే ఎదుటివాణ్ణి కుడికీ ఎడమకీ ఎలా పరుగెత్తించాడో తెలియాలంటే బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత, వెనక కాస్త ఎత్తులో కూర్చోవాలి. ఆటగాళ్ళు గేమ్ గేమ్‌కీ వైపులు మారతారు కాబట్టి ఇద్దరి ఆటా చూడొచ్చు. నా ఓటు వెనక్కే.

కబడ్డీకి వెనక పనికిరాదు. కూతకు వెళ్ళినవాడికి అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీతకు సరిగ్గా ఎదురుగా, పక్క గ్యాలరీలో నాలుగైదు మెట్లు పైన కూర్చోండి. మగవాళ్ళ కోర్టులో అది మధ్య గీతకు 4.75 మీటర్ల దూరంలో ఉంటుంది. ఒక కాలు గీత దాటిందా, ఆ క్షణంలో రెండో కాలు గాలిలో ఉందా? ఆ గీత వెంబడి చూసేవాడికే అది కచ్చితంగా తెలుస్తుంది.

వేసవి కాకుండా చలికాలంలో అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళను ఐస్ హాకీకి తీసుకెళ్తుంటారు. డల్లాస్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడ డల్లాస్ స్టార్స్ జట్టు అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో ఆడుతుంది. మంచు మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. దాని మీద ఆటగాళ్ళు కర్రలతో కొట్టే బిళ్ళ, పక్, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, అంటే నల్లటి గారెంత. "అద్దం పక్కన సీట్లు తీసుకున్నాం నాన్నా" అని పిల్లలు ప్రేమగా చెబుతారు. అద్దానికి ఆటగాళ్ళు గుద్దుకునే చప్పుడు గుండెల్లో వినపడాలంటే అవి మంచివే. కానీ మొదటిసారి ఆట చూసేవాళ్ళకు అక్కడ మనిషి మీద మనిషి కనపడి, గారె ఎటు పోయిందో తెలియక టెన్షన్ వస్తుంది. తరంగంలో పళ్ళెం కష్టమే ఇదీ. పదిహేను ఇరవై వరసలు పైకి, పక్కవైపు అడగండి.

ఇంకో కిటుకు ఉంది. ఆట మూడు భాగాలు, ఒక్కోటి 20 నిమిషాలు, ప్రతి భాగానికీ జట్లు వైపులు మారతాయి. అంటే సొంత ఊరి జట్టు ఒక గోలు మీదికి రెండుసార్లు, ఇంకోదాని మీదికి ఒక్కసారే దాడి చేస్తుంది. రెండు జట్ల బెంచీలూ ఒకే పక్కన ఉన్నప్పుడు మొదటి భాగంలో సొంత జట్టు తన బెంచీ దగ్గరి గోలును కాచుకుంటుంది. కాబట్టి వచ్చిన జట్టు బెంచీ ఎటుంటే అటువైపు సగంలో సీటు తీసుకుంటే గోళ్ళు కొరుక్కునే మూడో భాగంలో సొంత జట్టు దాడి మీ ముందే జరుగుతుంది. స్వెటర్ మర్చిపోకండి, లోపల చలిగా ఉంటుంది.

వచ్చే పాఠం చెవి గురించి. అప్పటికి మీరు చేయాల్సింది: ఈసారి హాలుకు వెళ్ళినప్పుడు స్పీకర్లు ఎన్ని, ఎక్కడ వేలాడుతున్నాయి, సౌండ్ మిక్సింగ్ బల్ల ఏ వరస దగ్గర వేశారు, ఈ మూడూ ఒక కాగితం మీద గీసుకుని రండి. పాఠం ఆ బల్ల దగ్గరి నుంచే మొదలుపెడదాం.